పడుకోబెట్టినవాడిదే గిరాకీ

రోజంతా నిలబడి ఉద్యోగం చేసే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ముందు ఎక్కడైనా కూర్చోండి. నేను ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డాను. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఒక పరుపుల షోరూంలో సేల్స్‌మన్‌గా చేరి, అక్కడే ఇన్‌చార్జ్‌గా రిటైరయ్యాను. చుట్టూ ఇరవై రకాల మెత్తటి పరుపులుంటాయి, వాటి మధ్య మేము మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. మిఠాయి కొట్లో షుగర్ ఉన్నవాడి ఉద్యోగం ఎలా ఉంటుందో మాదీ అలాగే ఉండేది.

నా మోకాళ్ళ గురించి చెప్పి మిమ్మల్ని విసిగించను. జీతం ఇచ్చే పద్ధతి మారితే మనుషులు ఎలా మారిపోతారో చూసిన ఒక నెల గురించి, ఆ నెల చివరి ఆదివారం నేను చేసిన ఘనకార్యం గురించి చెప్తాను. ఇది మరీ పాతకాలం ముచ్చట కాదు. అప్పటికే అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లున్నాయి, పరుపును డబ్బాలో చుట్టి ఇంటికి పంపే ఆన్‌లైన్ కంపెనీలు వచ్చేశాయి.

పరుపుల వ్యాపారంలో అసలు కష్టం ఏమిటంటే, మనవాళ్ళు కొట్లో పడుకోరు. చీర భుజాన వేసుకుని చూస్తారు, చెప్పులో కాలు పెట్టి చూస్తారు, పరుపు దగ్గరికొచ్చేసరికి సిగ్గుపడతారు. అరచేత్తో నొక్కుతారు, పిడికిలితో గుద్దుతారు, అంచు మీద ఒక్క క్షణం కూర్చుని ఎవరో చూసినట్టు గబుక్కున లేస్తారు. పదేళ్ళు పడుకోవాల్సిన పరుపును దోసె కాలిందో లేదో చూసినట్టు వేలితో తాకి, "ఇంట్లో అడిగి వస్తాం" అని వెళ్ళిపోతారు. నొక్కి చూసినవాళ్ళు కొనరు, పడుకుని చూసినవాళ్ళు కొంటారు. ఇది మా పెద్ద సేట్ ఎప్పుడో కనిపెట్టాడు. అందుకని ఆయన కాలం నుంచీ మా కొట్లో ఒక రూలు ఉండేది. బిల్లు ఎవరు రాసినా సరే, గిరాకీని పడుకోబెట్టినవాడికే కమిషన్. చేతికొచ్చే జీతం నామమాత్రం, ఇల్లు గడిచేది కమిషన్ మీదే.

ఆ రూలు మమ్మల్ని ఎలా తయారు చేసిందో ఊహించుకోండి. గుమ్మంలో మనిషి నీడ పడగానే మేం ముగ్గురం లేడి కోసం కాచుకున్నవాళ్ళలా కదిలేవాళ్ళం. నాతో పాటు ఒక పొడుగాయన, ఒక మాటకారి. పొడుగాయన గిరాకీ భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేసి మెల్లగా నొక్కేవాడు, ఆ బరువుకి మనిషి తనంతట తానే కూర్చుండిపోయేవాడు. మాటకారి "నడుం నొప్పి ఉందా సార్?" అని మొదలుపెట్టి, లేనివాడికి కూడా తెప్పించి పడుకోబెట్టేవాడు. ఒకసారి కరెంటు మీటరు రీడింగుకు వచ్చిన మనిషిని వీళ్ళిద్దరూ చెరో చెయ్యి పట్టుకుని స్ప్రింగు పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఆయన ఓ నిమిషం హాయిగా పడుకుని, లేచి, మీటరెక్కడుందని అడిగాడు.

నా విద్య వేరు. నేను ఏ పరుపు చూపించినా "ఇంట్లో నేను పడుకునేది ఇదే సార్" అనేవాణ్ణి. ఆ లెక్కన చిలకలగూడలో నా రెండు గదుల ఇంట్లో ఇరవై రకాల పరుపులుండాలి. "గిదే లాస్ట్ పీస్" అన్న మాటయితే నేను రోజుకెన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ఇన్‌చార్జ్‌నయ్యాక కూడా అందరికంటే ఎక్కువ కమిషన్ నాదే. అందుకు గర్వపడేవాణ్ణి, అబద్ధమెందుకు.

మాలో చేరని మనిషి ఒకావిడ ఉండేది. కాకినాడ వైపు నుంచి ఎప్పుడో వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. భర్త పోయాక మా కొట్లో చేరింది. ఆదివారం తెల్లవారుజాము ఆరాధన చూసుకుని తొమ్మిదికల్లా డ్యూటీలో ఉండేది. ఆవిడ గిరాకీని పడుకోబెట్టదు. కుర్చీ వేసి కూర్చోబెడుతుంది. "ఇప్పుడు దేని మీద పడుకుంటున్నారండీ?" అని అడుగుతుంది. వాళ్ళు చెప్పింది అంతా విని, "పాతది తిరగేసి వేసి చూడండి, ఇంకో రెండేళ్ళొస్తుంది" అని చెప్పి పంపేస్తుంది. గిరాకీని అలా నవ్వుతూ సాగనంపుతుంటే నాకు కడుపు మండిపోయేది. నెలాఖరున ఆవిడ కమిషన్ కాగితంలో పెద్దగా ఏమీ ఉండేది కాదు.

పెద్ద సేట్ ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాక ఆయన కూతురు కొట్టు చూసుకోవడానికి వచ్చింది. మేం చిన్న మేడం అనేవాళ్ళం. వచ్చిన వారానికే నన్ను పిలిచి ఫోన్ చూపించింది.

"అంకుల్, ఈ రివ్యూ చదవండి. 'లోపలికి వెళ్తే పట్టుకుని పడుకోబెడుతున్నారు, పిల్లలతో వెళ్ళేవాళ్ళు జాగ్రత్త.' ఒక్క స్టార్ ఇచ్చారు. మనది షోరూమా, ఆపరేషన్ థియేటరా?"

మర్నాటి నుంచి కమిషన్ బంద్. గుమ్మం దగ్గర వేలిముద్ర మిషన్ పెట్టారు. ఎన్ని గంటలుంటే అన్ని గంటల జీతం, అందరికీ ఒకే రేటు.

మావాళ్ళు మండిపడ్డారు. "అన్నా, గంటకింతని ఇయ్యనీకి మనమేమన్న అడ్డా మీద కూలోళ్ళమా ఏంది? జెర నువ్వన్న చెప్పు" అన్నాడు పొడుగాయన. చెప్పడం ఎందుకు, చేసి చూపిద్దాం అన్నాను నేను. ఆ చేయడం ఏమీ చేయకపోవడమే. పదకొండు గంటల చాయ్ పన్నెండు దాకా సాగేది. గిరాకీ వచ్చి పరుపు ధర అడిగితే మాటకారి అంతటివాడు "అండ్ల రాసున్నది సూస్కోండ్రి" అని గోడకు ఆనుకునేవాడు. పొడుగాయన తన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని తిరిగేవాడు, ఎవరి భుజం మీదైనా పొరపాటున పడతాయేమోనని. గిరాకీలు వచ్చి, నొక్కి, వెళ్ళిపోయేవాళ్ళు. వ్యాపారం పడిపోయింది. అప్పుడు నేను పెద్దమనిషిలా వెళ్ళి, "చూసినవా అమ్మా, కమిషన్ లేకుంటే గిట్లనే ఉంటది" అన్నాను.

చిన్న మేడం తెలివైంది. కాసేపు నన్నే చూసి అంది:

"సరే అంకుల్, నెల రోజులు టెస్ట్ పెడదాం. ఎడమ వైపు మీ ముగ్గురూ, పాత పద్ధతిలో కమిషన్. కుడి వైపు ఆవిడా, కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలూ, గంటల జీతం. రెండు వైపులా అవే పరుపులు. నెలాఖరు ఆదివారం సాయంత్రం చూద్దాం. ఏ వైపు ఎక్కువ అమ్మితే, ఇక అందరికీ అదే పద్ధతి. మళ్ళీ నా దగ్గరికి రాకూడదు."

మా ఆనందం చూడాలి. రెక్కలు విరిచి వదిలేసిన కోళ్ళకు మళ్ళీ రెక్కలొచ్చినట్టయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆవిడ నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అన్నయ్యగారూ, మీతో ఒక మాట చెప్పాలండి. కమిషనే మళ్ళీ వస్తే నేనిక్కడ ఉండలేనండి. గంటల జీతం వచ్చిన ఈ కొన్నాళ్ళే ఇంటద్దె టైముకి కట్టాను. పాపకి నర్సింగ్ ఇంకో ఏడాదుంది. దాన్ని హాస్టల్లో పడేసి నేను కాకినాడ మా అక్కింటికి పోవాలి. అక్కడైనా ఏం పని దొరుకుద్దో తెలీదు."

"గట్లెందుకంటవమ్మా? నువ్వు సుత జెర పడుకోబెట్టుడు నేర్చుకోరాదు?"

"అవసరం లేనోళ్ళని ఎలా పడుకోబెట్టమంటారండీ?"

ఆవిడ డబ్బాలోని చేపల పులుసులో ఒక ముక్క నా అన్నంలో వేసుకుని మాట మార్చేశాను. పులుసు బ్రహ్మాండంగా ఉంది. ఆ రాత్రి మాత్రం నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అయినా మర్నాడు పొద్దున్నే వెళ్ళి గుమ్మం దగ్గర కాపు కాశాను. కమిషన్ రుచి అలాంటిది, ఒకసారి అలవాటైతే ఎదుటివాళ్ళ ఇంటద్దె కనిపించదు.

ఆ నెల నేను పనిచేసినట్టు నా జన్మలో పనిచేయలేదు. ఎనిమిదిన్నరకే కొట్లో ఉండేవాణ్ణి. కుడి వైపు వెళ్ళబోతున్న గిరాకీని కూడా "సార్, ఏసీ గాలి ఇటు బాగుంటది" అని ఎడమకు తిప్పేవాణ్ణి. విచిత్రం ఏమిటంటే, అంత చేసినా కుడి వైపు వాళ్ళు మా వెనకే అంటుకుని వస్తున్నారు. ఆవిడ కుర్చీ వేసి కూర్చోబెట్టి, పాతది తిరగేయమని పంపినవాళ్ళు తమ అక్కనో మరిదినో వెంటబెట్టుకుని, "ఆ రోజు నిజం చెప్పిన మేడమ్ ఎక్కడ?" అంటూ వచ్చేవాళ్ళు. మా వైపు వచ్చినవాళ్ళలో మాత్రం "ఆ అంకుల్ లేనప్పుడు చెప్పండి, వస్తాం" అన్నవాళ్ళున్నారని తర్వాత తెలిసింది.

చివరి ఆదివారం మధ్యాహ్నానికి మేం మూడు పరుపులు ఎక్కువ అమ్మి ముందున్నాం. ఇక గెలిచినట్టేనని మాటకారి తన జేబులోంచి డబ్బులు తీసి అందరికీ బిర్యానీ తెప్పించాడు. "అన్నా, తిను, నువ్వే మా కెప్టెన్‌వి" అని నా ప్లేటులో రెండోసారి వేశాడు. నేను వద్దనలేదు. నెల రోజుల అలసట, నిండు కడుపు, పైన ఏసీ. అప్పుడొచ్చింది ఒక పెద్దావిడ.

రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో నోట్‌బుక్. గుమ్మంలోనే పట్టేసి మా ఖరీదైన లేటెక్స్ పరుపు దగ్గరికి తీసుకెళ్ళాను. పడుకోమన్నాను. కళ్ళజోడు పైనుంచి చూసింది.

"మీరు ఇంట్లో ఏది వాడతారు?"

"గిదే మేడం. పదేండ్ల సంది."

"అయితే మీరు పడుకుని చూపించండి. వెన్ను నిటారుగా ఉంటుందో లేదో నేను చూస్తాను."

నా ఉద్యోగంలో అప్పటిదాకా నన్నెవరూ ఆ మాట అడగలేదు. చెప్పులు విడిచి పడుకున్నాను. "చూడండి మేడం, నడుము కాడ జెర సుత వంగలే" అన్నాను. సుఖం బాగా కనబడాలని నటనకోసం కళ్ళు మూసుకున్నాను. నాకు గుర్తున్నది అంతవరకే.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. అక్కడున్నవాళ్ళు తలా ఒక రకంగా చెప్పినదాంట్లో అందరూ ఒప్పుకున్నంత వరకే రాస్తున్నాను.

ముందు గురక మొదలైందట. పొడుగాయన పరుగెత్తుకొచ్చి నన్ను కుదపబోయాడు. కుడి వైపు నుంచి కుర్చీ వేసే ఆవిడ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"లేపకండీ. ఆయన లేస్తే మళ్ళీ మాట్లాడతారు."

హెడ్‌మిస్ట్రెస్ గడియారం చూసుకుంటూ పది నిమిషాలు నా పక్కనే నిలబడిందట, పరీక్ష హాల్లో నిలబడ్డట్టు. చివరికి కుర్చీ ఆవిణ్ణి అడిగింది, "ఈయన నటిస్తున్నాడా?"

"లేదండి. నటిస్తుంటే ఈపాటికి మధ్యలో లేచి ధర చెప్పేవారు."

హెడ్‌మిస్ట్రెస్ నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని, అలాంటిదే ఒకటి కొనేసింది. పడుకోకుండానే కొనేసింది! ఆదివారం కదా, జనం బాగా ఉన్నారు. ఒకరిని చూసి ఒకరు మూగారు. పిల్లల్ని ఎత్తుకుని చూపించారట. కొందరు నా పాదాల దగ్గర పరుపును మెల్లగా నొక్కి, నేను కదలకపోతే ఆశ్చర్యపోయారట. ఎవరో అడిగారు, "ఈ పరుపు నిజంగా అంత బాగుంటుందా అండీ?" అని.

"పరుపు మంచిదేనండి. ఆయన బాగా అలిసిపోయారు కూడా. ఎనిమిదిన్నర నుంచి నిలబడే ఉన్నారు" అంది ఆవిడ. గుసగుసగా మాట్లాడమని అందరినీ కోరింది. ఏసీ గాలి నా మీద పడకుండా దుప్పటి కప్పింది. గుసగుసగానే ఇంకో అయిదు పరుపులు అమ్ముడుపోయాయి.

అయిదున్నరకు మెలకువ వచ్చింది. కళ్ళు తెరిస్తే చుట్టూ పదిమంది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "గిదే లాస్ట్ పీస్." కొట్టంతా ఘొల్లుమంది. ఒక చిన్నపాప చప్పట్లు కొట్టింది. లేచి చెప్పుల కోసం వెతికితే, జనం తొక్కకుండా గోడ పక్కన జత చేసి పెట్టి ఉన్నాయి.

ఆరింటికి చిన్న మేడం బిల్లులు ముందేసుకుని కూర్చుంది. మిగతావన్నీ లెక్క పెడితే ఎడమ వైపు మేం మూడు ముందున్నాం. మిగిలినవి ఈ ఆరు. అవి మావయితే కమిషన్, వాళ్ళవయితే గంటల జీతం.

"పరుపు మనది, జాగ మనది, పండుకున్నది మా అన్న. ఇంకేం కావాలె?" అన్నాడు పొడుగాయన.

"రూలు పడుకున్నోనిది కాదు, పడుకోబెట్టినోనిది. అన్నను పడుకోబెట్టింది బిర్యానీ. బిర్యానీ తెప్పిచ్చింది నేను. కమిషన్ మొత్తం నాదే" అన్నాడు మాటకారి. అంత టెన్షన్‌లోనూ అతను నిజంగానే అడుగుతున్నాడు.

చిన్న మేడం నవ్వు ఆపుకుంటూ ఆవిడ వైపు తిరిగింది. "బిల్లులు రాసింది మీరు. మీరు చెప్పండి."

ఆవిడ నాకు కప్పిన దుప్పటిని మడతపెడుతోంది. తలెత్తకుండా అంది, "వాళ్ళ వైపు పరుపేనండి. వాళ్ళ లెక్కే."

మావాళ్ళిద్దరూ ఎగిరి గంతేశారు. ఆవిడ మడత పూర్తిచేసి, అంచులు సరిచేసి, అలమరలో పెట్టింది. తన ఇంటద్దె, కూతురి చదువు, అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయని ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

"అంకుల్? ఇన్‌చార్జ్ మీరు. మీరేమంటారు?"

"అమ్మా, నేను నోరు తెరిచి అమ్మినవన్నీ నాయే. గీ ఆరు నేను నోరు మూసుకున్నందుకు అమ్ముడువోయినయ్. నన్ను లేపకుండా ఆపింది ఆమె. అడిగినోళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పింది ఆమె. గవి ఆమె లెక్కల రాయుండ్రి."

అందరికంటే ముందు మాటకారి అన్నాడు, "అన్నా, నీకు రెండోసారి వడ్డిచ్చినందుకు నన్ను నేనే చెప్పుతోని కొట్టుకోవాలె."

నన్ను త్యాగమూర్తి అనుకోకండి. రిటైరయ్యేదాకా మిగిలిన నాలుగేళ్ళూ నా చేతికి తక్కువే వచ్చింది, ప్రతి నెలా ఇంటికెళ్ళి మా ఆవిడ దగ్గర సణిగాను. మాటకారి రెండు నెలలకే ఏ.ఎస్. రావు నగర్‌లో టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే షోరూంలో కమిషన్ మీద చేరిపోయాడు. ఫ్రిజ్‌లో ఎవరినీ పడుకోబెట్టలేకపోతున్నానని ఫోన్ చేసి బాధపడేవాడు. పొడుగాయన ఉండిపోయాడు. కుర్చీలు వేయడం నేర్చుకున్నాడు. ఆవిడ కూతురు చదువు పూర్తయి ఉద్యోగంలో చేరినరోజు కొట్టంతటికీ చేపల పులుసు వచ్చింది.

కానీ ఆ సాయంత్రం సంగతి ఇంకొంచెం ఉంది. చిన్న మేడం బిల్లులన్నీ కట్టగట్టి, పెన్ను తీసింది.

"అయితే ఇవాళ్టి నుంచే అందరికీ గంటల లెక్క. అంకుల్, మరి ఇవాళ మీరు పడుకున్న రెండున్నర గంటలు కట్ చేయమంటారా?"

"చెయ్యిండ్రి అమ్మా. న్యాయంగ కట్ చెయ్యాల్సిందే" అన్నాను.

అలమర దగ్గర నుంచి ఆవిడ మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

"అదేంటండీ మేడం, అవెలా కట్ చేస్తారు? ఈ నెలంతట్లో అన్నయ్యగారు అబద్ధం ఆడకుండా పనిచేసింది ఆ రెండున్నర గంటలే."